పసుపు సాంగ్లీకి.. పిల్లలు దుబాయికి!

ఆర్మూర్‌లో నిరుద్యోగులు ఎందరని అడిగితే అధికారులు ఏదో ఒక అంకె చెప్తారు. ఆ అంకెను నమ్మవద్దని మేం మనవి చేస్తున్నాం. లెక్క రాసుకునేటాయన ఇంటి ముందుకొచ్చేసరికి ఆ ఇంటి పెద్దకొడుకు దుబాయిలో ఉంటాడు. ఊళ్లో లేడు కాబట్టి ఆ ఇంటి జాబితాలోనే ఉండడు. నడిపోడు డిగ్రీ అయిపోయి హైదరాబాద్‌లో అశోక్‌నగర్ దిక్కు రూము తీసుకుని కోచింగులో ఉంటాడు. అతను చదువుకుంటున్నవాడి కిందికి వస్తాడు. చిన్నోడు ఏ పనీ దొరక్క నాయన వెంట పసుపు చేనుకు పోయి మోటరు పెట్టి వస్తాడు. సొంత చేన్లో పైసా జీతం లేకుండా చేసినా సర్వే భాషలో అది ఉపాధే. వారంలో ఒక్క గంట పని చేసినా కేంద్ర శ్రామిక సర్వే వారపు లెక్కలో అతను పని ఉన్నవాడే. కోడలు బీడీలు చేస్తుంది, ఆమెకూ ఉపాధి ఉన్నట్టే. ముగ్గురు కొడుకుల ఇంట్లో సొంతూళ్లో కొలువున్నవాడు ఒక్కడూ లేడు. లెక్క ప్రకారం నిరుద్యోగి కూడా ఒక్కడూ లేడు!

నిరుద్యోగాన్ని తగ్గించే దారులు రెండు. ఒకటి పని పుట్టించడం. రెండోది పని లేనివాణ్ని కండ్ల ముందు లేకుండా చేయడం. ఆర్మూర్, బాల్కొండ పల్లెల్లో యాభై ఏండ్లుగా నడిచింది రెండో దారి. సర్కారు ఉపాధి కార్యాలయంలో పేరు రాయించుకున్నవాళ్లు కార్డు రెన్యువల్ చేయించుకుంటూ ముసలోళ్లయ్యారు. మన దిక్కు అసలు ఉపాధి కార్యాలయం వీసా ఏజెంటు దుకాణమే.

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని ఉద్యమ కాలంలో ప్రతి సభలోనూ చెప్పుకున్నాం. బొగ్గుబాయి మన దిక్కు లేదు. బొంబాయి ఉండె. 1970లలో చమురు ధర పెరిగి గల్ఫ్‌లో కట్టడాల పని ఊపందుకున్నప్పటి నుంచి దుబాయి, మస్కట్, సౌదీ, కువైట్, ఖతర్ మన పొరుగూళ్ల లెక్కనే అయినయి. 2011 జనాభా లెక్కల్లో నిజామాబాద్ జిల్లాలో వెయ్యి మంది మగవాళ్లకు 1,040 మంది ఆడవాళ్లు తేలారు. ఆడపిల్లను కాపాడుకున్న జిల్లా అని మురిసినవాళ్లున్నారు. అదే లెక్కల్లో ఆరేండ్లు నిండని పిల్లల్ని చూస్తే ఆడపిల్లలే తక్కువ. అంటే చిన్నతనంలో ఉన్న మగపిల్లలు పని వయసు వచ్చేసరికి జిల్లాలో కనబడడం లేదు. ఎటు పోయిండ్రని అడిగే అధికారి మాత్రం మాకు ఇంతవరకు తారసపడలేదు.

పోయేవాడు ఉత్త చేతులతో పోడు, అప్పుతో పోతాడు. 1983 నాటి వలస చట్టం ప్రకారం లైసెన్సున్న ఏజెంటే మనిషిని పంపాలి, తీసుకునే రుసుము 30 వేలకు మించరాదు. ఆ మాట కాగితం మీద ఉంది. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటుకు లైసెన్సు లేదు, రుసుముకు హద్దు లేదు. లక్షన్నర తెచ్చి కట్టినవాడికి నూటికి రెండు రూపాయల మిత్తి లెక్కన నెలకు మూడు వేలు, ఏడాదికి 36 వేలు మిత్తికే పోతుంది. కంపెనీ వీసా అని చెప్పి విజిట్ వీసా చేతిలో పెడతారు. ఆజాద్ వీసా అంటారు, ఆజాదీ ఎక్కడా ఉండదు. అఖామా అయిపోయి, కఫీల్ దగ్గర పాస్‌పోర్టు ఇరికి, కంపెనీ నుంచి బయటపడ్డవాడు ఖల్లివెల్లి అవుతాడు. ఆ అరబ్బీ మాట ఇప్పుడు మన పల్లెల్లో ముసలమ్మలకు కూడా తెలుసు. పోలీసుల కంటపడకుండా పని చేసుకుంటూ, ఆమ్నెస్టీ ఎప్పుడు పెడతారా, ఔట్‌పాస్ ఎప్పుడు దొరుకుతుందా అని ఎదురుచూసే బతుకది. 2007లో యూఏఈ ఆమ్నెస్టీ పెట్టినప్పుడు, 2013లో సౌదీ నితాఖత్ పేరుతో పట్టుకున్నప్పుడు, 2020లో కరోనా వచ్చినప్పుడు మన పిల్లలు గుంపులుగా తిరిగొచ్చారు. కొద్ది నెలలు గడిచాయో లేదో, మళ్లీ పాస్‌పోర్టులు పట్టుకుని అదే ఏజెంటు దగ్గరికి పోయారు. ఇక్కడ వాళ్ల కోసం ఏదీ మారలేదు మరి.

ఢిల్లీ ఈ మనుషుల్ని ఏ కంటితో చూస్తుందో తెలియాలంటే ఒక్క ముచ్చట చాలు. 2020 సెప్టెంబరులో, కరోనా దెబ్బకు లక్షల మంది ఉద్యోగాలు పోయి వస్తున్న రోజుల్లోనే, గల్ఫ్‌కు పోయే భారత కార్మికులకు ఇవ్వాల్సిన కనీస వేతనాన్ని 30 నుంచి 50 శాతం దాకా తగ్గిస్తూ కేంద్రం సర్క్యులర్లు ఇచ్చింది. జీతం ఎక్కువుంటే ఆ పనులు వేరే దేశాల వాళ్లకు పోతాయన్నది దానికి చెప్పిన కారణం. యజమాని అడగకముందే మన మనిషి ధర మనమే తగ్గించి చూపించడమన్నమాట! గల్ఫ్ కార్మిక సంఘాలు కొట్లాడి, హైకోర్టు దాకా పోయాక 2021 జూలైలో పాత వేతనాలు తిరిగొచ్చాయి. ఇక మన రాష్ట్ర ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 5 లక్షల రూపాయలు ఇస్తామని 2024లో ఉత్తర్వులిచ్చింది. మంచి పనే. రాష్ట్రం వచ్చిన పదేండ్లకు జరిగిన మంచి పని. చచ్చినంక ఇవ్వడానికి బడ్జెట్‌లో ఒక పద్దు పుట్టింది, పోకుండా ఆపడానికి పద్దు ఎప్పుడు పుడుతుందో చూడాలి.

దీని ఫలితం ఇండ్లల్లో చూడాలి. పెండ్లి మాటలకు పోతే మొదటి ప్రశ్న "పిల్లగాడు ఏం చేస్తుండు?" గవర్నమెంటు నౌకరి అయితే ఒక రేటు, సాఫ్ట్‌వేర్ అయితే ఒక రేటు. దుబాయి అయితే "కంపెనీ వీసానా?" అని అడుగుతారు. ఎవుసం చేస్తుండంటే మాట అక్కడితో బందు. మూడెకరాల పసుపు, బోరు, ట్రాక్టరు ఉన్న పిల్లగాడికి ముప్పై రెండేండ్లొచ్చినా పిల్ల దొరకడం లేదు. నెల జీతం పడేవాడు కావాలంటున్న ఆడపిల్ల తల్లిదండ్రులను తప్పు పట్టలేం. పంట మునిగితే ఏమైతదో వాళ్లు తమ ఇంట్లోనే చూశారు. పిల్ల సంగతికొస్తే ఒకప్పుడు "బీడీలు చేసుడు వస్తదా, పీఎఫ్ నంబరున్నదా" అని అడిగేవాళ్లు. మొగోడు దుబాయిలో, అతని అప్పు ఊళ్లో. తునికాకు కత్తిరించి రోజుకు వెయ్యి బీడీలు చుట్టి ఆ మిత్తి కట్టేది ఆమె. ఆమె పీల్చే పొగాకు దుమ్మును ఏ ఆర్థికవేత్తా వలస ఖర్చులో కలపలేదు. తండ్రి ఎత్తుకోని పిల్లలు, కొడుకు కొరివి పెట్టని ముసలోళ్లు ఊరూరా ఉన్నారు. ఫోను తెర మీద దినాలు చూసుకోవడం మన పల్లెల్లో మామూలైపోయింది.

ఊళ్లో మిగిలిన పిల్లల సంగతి ఇంకో తీరు. ఎలక్షన్లు వస్తే బండికి పెట్రోలు, సాయంత్రానికి బిర్యానీ, మెడలో కండువా. పొద్దున ఒక రంగు, మాపటికి ఇంకో రంగు. వీళ్లకు సిద్ధాంతం లేదని పెద్దమనుషులు తిట్టుకుంటారు. రోజుకు ఐదు వందలిచ్చే పని ఆ నెల రోజులే దొరుకుతుంది, సిద్ధాంతం ఎక్కడి నుంచి వస్తుంది? ఎలక్షన్లు అయిపోయాక బెల్టు షాపు, ఫోన్లో బెట్టింగు, లోను యాప్. అప్పు తేలినప్పుడు ఇంట్లో చెప్పే ధైర్యం చాలక చేను మందు తాగినవాళ్ల వార్తలు జిల్లా పేజీల్లో నాలుగు లైన్లకు మించి ఉండవు.

మరి సర్కారు కొలువుల మాటేమిటి? 1969లో మన కొట్లాట మొదలైందే కొలువుల దగ్గర, పాల్వంచ థర్మల్ కేంద్రంలో. 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, 1985 డిసెంబరు 30 నాటి 610 జీవో, 2001లో వేసిన గిర్‌గ్లానీ కమిషన్.. ఇవన్నీ మన ఉద్యోగ మిత్రులకు నోటికొచ్చిన పాఠాలే. నీళ్లు, నిధులు, నియామకాలు అన్నాం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఆరేండ్ల తర్వాత, 2020 డిసెంబరులో బిశ్వాల్ నాయకత్వంలోని వేతన సవరణ కమిషన్ లెక్క తేల్చింది. మంజూరైన పోస్టులు 4,91,304. అందులో ఖాళీలు 1,91,126. నూటికి ముప్పై తొమ్మిది కుర్చీల్లో మనిషి లేడు. ఇది సీమాంధ్ర పాలకుల లెక్క కాదు, మన రాష్ట్రంలో మన సర్కారు నడిపిన కార్యాలయాల లెక్క.

2018లో 700 వీఆర్వో పోస్టులకు పది లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. పరీక్ష పెట్టారు, కొలువులిచ్చారు. రెండేండ్లకు, 2020 సెప్టెంబరులో, ఆ కొలువునే రద్దు చేశారు. వాళ్లను తర్వాత వేరే శాఖల్లో సర్దారు. 2025 సెప్టెంబరులో గ్రామ పాలన అధికారులని పేరు మార్చి ఆ పనినే మళ్లీ తెచ్చారు. గ్రూప్-1 కథ ఇంతకన్నా అన్యాయం. రాష్ట్రం వచ్చాక మొదటి నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో, 503 పోస్టులకు. అక్టోబరులో ప్రిలిమ్స్ రాశారు. 2023 మార్చిలో ప్రశ్నపత్రాలు లీకైన సంగతి బయటపడి అది రద్దయింది. జూన్‌లో మళ్లీ రాశారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. ప్రభుత్వం మారాక 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్. నియామక పత్రాలు అందింది 2025 సెప్టెంబరులో, అది కూడా కోర్టు కేసుల నడుమ. ఈ లోపు ఇరవై ఎనిమిదేండ్ల పిల్లగాడికి ముప్పై ఒకటి వచ్చింది. ఆ మూడేండ్ల రూము కిరాయి, మెస్సు బిల్లు, కోచింగు ఫీజు ఎక్కడి నుంచి వచ్చిందనుకుంటున్నారు? ఆర్మూర్ దిక్కు చాలా ఇండ్లల్లో దుబాయిలో ఉన్న అన్న పంపిన పైసలే అవి. ఒక నిరుద్యోగి ఇంకో నిరుద్యోగిని పోషిస్తున్నాడు.

నిరుద్యోగ భృతి సంగతీ తెలిసిందే. 2018లో ఒక పార్టీ నెలకు 3,016 రూపాయలన్నది, ఇవ్వలేదు. 2023లో ఇంకో పార్టీ 4,000 అన్నది, మొదటి ఏడాదిలో రెండు లక్షల ఉద్యోగాలన్నది. ఏడాది తిరిగేసరికి సర్కారు తానే చెప్పుకున్న లెక్క అందులో మూడో వంతుకు కూడా చేరలేదు. 2024 ఆగస్టులో శాసనసభలో పెట్టిన జాబ్ క్యాలెండర్ తేదీలు జరుగుతూ పోయాయి. ఇవన్నీ అడగాల్సిందే, అడుగుతూనే ఉండాలి. అయితే ఇంకో మాట కూడా విద్యార్థి మిత్రులతో దాపరికం లేకుండా చెప్పాలి. ఒక్క గ్రూప్-4 పరీక్షకే తొమ్మిదిన్నర లక్షల మంది దరఖాస్తు చేశారు. బిశ్వాల్ చూపించిన ఖాళీలన్నీ ఒక్క రోజే నింపినా వాళ్లలో ఏడున్నర లక్షల మందికి పైగా బయటే నిలబడతారు. కాబట్టి సచివాలయం దిక్కు చూసినంత శ్రద్ధగా మన పసుపు చేను దిక్కు కూడా చూడాలని మేం అంటున్నాం.

ఆర్మూర్ పేరు మీద పసుపులో ఒక రకమే ఉంది. వ్యవసాయ పుస్తకాల్లో దుగ్గిరాల, టేకూరుపేట రకాల పక్కన ఆర్మూర్ రకమని రాసి ఉంటుంది. తొలకరికి విత్తనం పెడితే దగ్గరదగ్గర తొమ్మిది నెలల పంట. తవ్వి, ఉడకబెట్టి, ఎండబోసి, డ్రమ్ములో తిప్పి పాలిష్ పట్టి, కాడి వేరు, మండ వేరు చేసి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తోలుతారు. అక్కడి ధర నచ్చనివాళ్లు లారీ మాట్లాడుకుని మహారాష్ట్రలోని సాంగ్లీకి పోతారు. నాలుగు పైసలు ఎక్కువొచ్చే చోటికి రైతు పోతే తప్పేమీ లేదు. తప్పు ఎక్కడుందంటే, మన పసుపులో చాలా భాగం జిల్లా పొలిమేర దాటేది కాడిగానే. అది పొడి అయ్యేది, నూనె తీసేది, మందుల కంపెనీలకు కుర్కుమిన్‌గా మారేది వేరే చోట. మరపట్టేవాడు, యంత్రం బాగుచేసేవాడు, ల్యాబులో రంగు పరీక్షించేవాడు, లెక్కలు రాసేవాడు, ప్యాకెట్ కట్టే ఆడమనిషి, లారీ డ్రైవరు.. ఈ కొలువులన్నీ ఆ కాడితో పాటే లారీ ఎక్కి పోతున్నాయి. కొన్నాళ్లకు అదే పసుపు రంగుల ప్యాకెట్లో ఆర్మూర్ కిరాణా దుకాణానికి తిరిగి వస్తుంది, ధర పెరిగి. మన పిల్లలు కూడా తిరిగి వస్తారు, నడుములు పడిపోయి.

పసుపుకు కేంద్రం ప్రకటించే మద్దతు ధర లేదు. 2010లో క్వింటాలుకు 15 వేలు దాటిన పంట 2019 నాటికి ఐదారు వేలకు పడింది. ఆ ఫిబ్రవరిలో పసుపు, ఎర్రజొన్న రైతులు ఆర్మూర్‌లో రెండు జాతీయ రహదారులు కలిసే చోట బైఠాయించారు. 144 సెక్షన్ పెట్టారు. ఏప్రిల్‌లో పార్లమెంటు ఎన్నిక వస్తే నిజామాబాద్ బరిలో 185 మంది నిలబడ్డారు, అందులో 178 మంది రైతులు. గోడంత పెద్దగా ఓటింగు యంత్రాలు పేర్చాల్సి వచ్చింది. మనోళ్లు వారణాసి దాకా పోయి నామినేషన్లు వేశారు. బాండు పేపరు మీద రాసిచ్చిన పసుపు బోర్డు హామీ ఆ ఎన్నికల్లో గెలిచింది. బదులుగా మొదట వచ్చింది సుగంధ ద్రవ్యాల బోర్డు ప్రాంతీయ కార్యాలయం. జాతీయ పసుపు బోర్డు ప్రకటన 2023 అక్టోబరులో వచ్చింది. 2025 జనవరి 14న, సంక్రాంతి నాడు బోర్డు మొదలైంది, జూన్ 29న నిజామాబాద్‌లో ప్రధాన కార్యాలయం తెరిచారు. రైతులు కొట్లాడి సాధించుకున్నదే ఇది, ఎవరి దయా కాదు.

బోర్డు వచ్చినంత మాత్రాన ఫ్యాక్టరీ వచ్చినట్టు కాదు. ఎగుమతి, పరిశోధన, శిక్షణ అని దాని పనుల జాబితా పొడుగ్గానే ఉంది. ఎన్ని క్వింటాళ్లు జిల్లాలోనే పొడి కావాలి, ఎంతమంది స్థానికులకు జీతం పడాలి అన్న లక్ష్యాన్ని మాత్రం ఏ వేదిక మీదా ఎవరి నోటి నుంచీ మేం వినలేదు.

ఇక్కడ ఒక చేదు మాట కూడా ఉంది. పసుపు తవ్వే రోజుల్లో ఆర్మూర్ చుట్టుపక్కల కూలీలు దొరకరు. మహారాష్ట్ర నుంచి కుటుంబాలకు కుటుంబాలు వచ్చి చేన్ల పక్కన గుడిసెలు వేసుకుంటారు. వరి నాట్లకు బీహార్ వాళ్లు వస్తారు. మన పిల్లగాడు అప్పు చేసి మస్కట్‌లో ఇసుక మోస్తాడు, మన చేన్లో పని చేయడానికి పొరుగు రాష్ట్రపు మనిషి వస్తాడు. "ఇక్కడ పని లేదని ఎవడన్నడు, చేసేటోడు లేడు" అని రైతులు అంటారు. ఆ మాటలో నిజం ఉంది, సగమే ఉంది. తవ్వకం రెండు మూడు నెలల పని. మిగతా తొమ్మిది నెలలు ఏం తినాలి? పైగా మట్టిలో చేసే పనికి ఊళ్లో మర్యాద లేదు. డిగ్రీ చదివిన కొడుకు పక్కోడి చేన్లో కైకిలికి పోతే ఇంటి పరువు పోయిందనుకుంటాం. అదే పని ఎడారిలో ఒంటెల షెడ్డు కడిగేదైనా "మా వాడు సౌదీలో ఉండు" అని గొప్పగా చెప్పుకుంటాం. ఈ గర్వాన్ని వదిలించుకోమని పిల్లలకు నీతులు చెప్పడం మాకు ఇష్టం లేదు. పన్నెండు నెలలు జీతం పడే, చదువుకు తగ్గ పని పసుపు చుట్టూ ఉంటే గర్వం దానంతటదే దారికి వస్తుంది.

అది కుదరదనేవాళ్లు ఆర్మూర్ పక్కనున్న అంకాపూర్ పోయి చూడండి. ఆ ఊరు నాటుకోడి కూరకు పేరుపడ్డది గానీ అసలు బలం కూరలో లేదు. ఎర్రజొన్న, సజ్జ, మొక్కజొన్న విత్తనాలను అక్కడే శుద్ధి చేసి, సంచులు కట్టి ఉత్తరాదికి పంపే కేంద్రాలున్నాయి. పంట ఊరు దాటకముందే దాని మీద ఇంకో పని జరుగుతుంది. అందుకే అక్కడ చేను లేనివాడికి కూడా ఏదో ఒక పని దొరుకుతుంది. ఎర్రజొన్న బకాయిల కోసం 2008లో ఆర్మూర్ మండిపోయిన సంగతి మరిచిపోయి ఈ మాట అనడం లేదు. వ్యాపారుల చేతిలో రైతు మోసపోకుండా చూసే బాధ్యత వేరే ఉంది. పని ఎక్కడ పుడుతుందన్న ప్రశ్నకు మాత్రం అంకాపూర్ జవాబు చెప్తుంది.

దీనికి ఎదురు ఉదాహరణ బోధన్. 1937లో పుట్టిన నిజాం షుగర్స్ ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీలలో ఒకటని చెప్పుకున్నాం. 2002లో 51 శాతం వాటా ప్రైవేటుకు అప్పగించారు. ఉద్యమంలో ఊరూరా దాని గురించి మాట్లాడాం. స్వాధీనం చేసుకుంటామన్నవాళ్లు అధికారంలో ఉండగానే 2015 డిసెంబరులో అది మూతపడింది. ఇప్పటి ప్రభుత్వం 2024 జనవరిలో కమిటీ వేసింది. చెరుకు పోయింది, చెరుకు బండి తోలేవాడి పని పోయింది, శక్కర్‌నగర్ క్వార్టర్లు బోసిపోయాయి. పసుపు బోర్డు ఆఫీసు కూడా ఒక నేమ్‌ప్లేటుగా మిగిలిపోకూడదన్న భయం మాకు అక్కడి నుంచే వచ్చింది.

గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లను ఎందుకూ పనికిరానివాళ్లుగా చూడడం మానుకోవాలి. పదేండ్లు ఏసీ ప్లాంట్లు నడిపినవాళ్లు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు, క్రేన్ ఆపరేటర్లు మన ఊళ్లల్లో ఖాళీగా కూచున్నారు. చేతిలో పని ఉంది, సర్టిఫికెట్ లేదు. వాళ్లకు పరీక్ష పెట్టి పత్రం ఇవ్వడం ఐటీఐలకు పెద్ద కష్టం కాదు. డిచ్‌పల్లిలో 2006 నుంచి తెలంగాణ విశ్వవిద్యాలయం ఉంది. పసుపు పండే జిల్లా విశ్వవిద్యాలయంలో పసుపు శుద్ధి, నాణ్యత పరీక్షల మీద కోర్సు నడపమని అక్కడి విద్యార్థులు అడిగితే ఎవరు కాదంటారు? ఉద్యోగ సంఘాలు తమ పీఆర్సీ వినతిపత్రంలో ఖాళీల భర్తీని మొదటి పేజీలోకి తేవాలి. ఖాళీ కుర్చీ పని కూడా ఉన్న ఉద్యోగి నెత్తి మీదే పడుతోంది కదా.

ఇప్పుడు అడగాల్సింది బోర్డునూ, జిల్లా యంత్రాంగాన్నీ. ప్రతి ఏడాది సీజను అయిపోయాక మూడు అంకెలు బయటపెట్టమని అడుగుదాం. జిల్లాలో పండిన పసుపు ఎంత? అందులో కాడిగా పోయింది ఎంత, ఇక్కడే పొడి అయింది ఎంత? ఆ పని మీద నెల జీతం తీసుకుంటున్న స్థానికులు ఎందరు? వీటి పక్కనే జిల్లా నుంచి ఆ ఏడాది గల్ఫ్‌కు పోయినవాళ్ల లెక్క కూడా పెట్టమందాం. వచ్చే తవ్వకాల నాటికి ఈ లెక్కలు మార్కెట్ యార్డు గోడ మీద రాసి ఉండాలి. రేపు ఏ రంగు కండువాతో ఎవరొచ్చినా, ఆ గోడ ముందు నిలబెట్టి మాట్లాడిద్దాం.